క్రైస్తవ మతమునందు ఈశ్వర స్వభావము

ఈశ్వరుడు కలడా లేడా యను ప్రశ్నమునకు ఉత్తరము చెప్పుట సులభమని మేమనము. కాని కలడని యొప్పుకొన్నవారిలో సయితము ఆయన యెట్టివాడను రెండవ ప్రశ్నమును శ్రద్ధతో విచారించువారు మిక్కిలి యరుదు. మన దేశమున నాస్తికులు కొందరే, ఆస్తికులకు లెక్కలేదు. అయినను ఒక్క వీధిలో కాపురముండు ఇద్దరు ఆస్తికులలో ఒకడు తన దేవుని లంచమునకు లోబడు తాసీల్దారునిగాను, మరియొకడు తప్పు దొరకినతోడనే కొరడా తీయు దొరగాను భావించి పూజించుచుండవచ్చును. ఇరువురకును దేవుడున్నాడు. ఆ దేవుని స్వభావము మాత్రము వారివారి ఆశలనుండియు భయములనుండియు పుట్టినది. క్రైస్తవ గ్రంథములలో యాకోబు పేర నున్న పత్రిక, దేవుడొక్కడే యని దయ్యములు కూడ నమ్ముచున్నవనియు, నమ్మి వణకుచున్నవనియు ఎత్తిపొడుపుగా చెప్పుచున్నది. కాబట్టి ఏకేశ్వరుని నమ్ముట యొక్కటియే గొప్ప కాదు. మనుష్యుడు తాను కొలుచు దేవుని పోలికను క్రమక్రమముగా సంతరించుకొనును గనుక, ఆ పోలిక యెట్టిదో యెఱుగుట ప్రతి గృహస్థునకును ఆవశ్యకము.

హైదరాబాదునకు దక్షిణముననున్న శంషాబాదు ప్రాంతమువారికి ఈ విచారణ యక్కఱ ఇప్పుడు మఱింత హెచ్చినది. 2008వ సంవత్సరము మార్చి నెలలో విమానాశ్రయము తెఱవబడినది మొదలు ఆ యూరు దేశదేశముల జనులు వచ్చిపోవు చోటైనది. 2017వ సంవత్సరము అక్టోబరులో పోపు ఫ్రాన్సిసుగారు శంషాబాదు పేరిట సిరో-మలబారు కథోలిక మేత్రాసనమును స్థాపించిరి. తోమా అపొస్తలుని వలన తమ పూర్వులకు సువార్త వచ్చెనని చెప్పుకొను కేరళ క్రైస్తవుల సంప్రదాయమది. భారతదేశమున ఆ సంప్రదాయపు మేత్రాసనముల క్రింద అప్పటివరకు చేరని భాగములన్నియు శంషాబాదు క్రిందికి వచ్చినవి. దాని తొలి మేత్రాణులగు రాఫేల్ తట్టిల్ గారు 2024 జనవరిలో ఆ సంఘమునకంతకును ప్రధానాచార్యులుగా ఎన్నుకొనబడిరి. ఆ ప్రక్కనే ముచ్చింతల గ్రామమున 216 అడుగుల యెత్తుగల రామానుజాచార్యుల విగ్రహము 2022 ఫిబ్రవరి 5వ తేదీన ఆవిష్కరింపబడినది. కొత్తూరు దిక్కున జహంగీర్ పీర్ దర్గా కలదు. శంష్ అనగా అరబ్బీ భాషలో సూర్యుడు. తన పరమపిత చెడ్డవారి మీదను మంచివారి మీదను ఒకే సూర్యుని ఉదయింపజేయుచున్నాడని యేసు కొండమీద బోధించిన సంగతి, ఈ యూరి పేరు విన్నప్పుడెల్ల మాకు స్ఫురించుచుండును.

ఇన్ని మతములవారు ఇరుగుపొరుగుగా నున్నచోట, పొరుగువాని దేవుడెట్టివాడో తెలియకుండుట మర్యాద కాదు. విద్యావంతులగు హిందువులలో పెక్కుమంది క్రైస్తవుల దేవుడు కోపిష్ఠియైన రాజనియు, తన కుమారుని రక్తము చూచినగాని శాంతింపనివాడనియు తలంచుచున్నారు. ఈ తలంపు గాలినుండి పుట్టలేదు; కొందఱు క్రైస్తవ బోధకులే సంతలలోను సభలలోను అట్లు చెప్పుచుండిరి, చెప్పుచున్నారు. ఆ మతము తన మూలగ్రంథములలో ఈశ్వర స్వభావమును ఏ రీతిగా చూపుచున్నదో చూడకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు.

మొదట గుర్తింపవలసినదేమనగా, క్రైస్తవులు ఈశ్వరుని తత్త్వమును గూర్చి చెప్పునది చాలవఱకు మనకును సమ్మతమే. ఆయన ఏకుడు, నిరాకారుడు, అనాది, సర్వవ్యాపి. ఈ లక్షణముల విషయమై మనకును వారికిని కలహము లేదు. కాని వారి గ్రంథములలో ఈ లక్షణముల పట్టిక కొఱకు వెదకినచో నిరాశయే కలుగును. అవి ఈశ్వరుడేమి యని చెప్పుటకంటె ఆయన యేమి చేసెనో, ఎవరియెడల ఎట్లు వర్తించెనో చెప్పుటయందే మక్కువ గలవి. ఒక పెద్దమనుష్యుని గుణము మనకు తెలియుట ఆయన బిరుదుల వలన కాదు. అప్పు తీర్చలేని వాడు వాకిట నిలిచినప్పుడు ఆయన యేమనెనో దాని వలన. ఈ గ్రంథములు ఈశ్వరుని అట్లే పరిచయము చేయుచున్నవి.

ఆ పరిచయములలో మూలమైనది నిర్గమకాండము ముప్పదినాలుగవ అధ్యాయమున నున్నది. సందర్భము మఱవరాదు. బానిసత్వమునుండి విడిపింపబడిన జనులు, మోషే కొండమీద నుండగా, బంగారు దూడను పోసికొని మ్రొక్కిరి. మోషే దిగివచ్చి ధర్మశాసనపు పలకలను పగులగొట్టెను. అంతయు చెడిన పిమ్మట, రెండవమారు పలకలు చెక్కించుకొని కొండయెక్కినప్పుడు ఈశ్వరుడు తన పేరును తానే ప్రకటించెను. అప్పుడు ఆయన చెప్పుకొన్నవి శక్తియు మహిమయు కావు; కనికరము, దయ, కృప, సత్యము, దీర్ఘశాంతము. జనులు నమ్మకముగా నున్నప్పుడు గాక ద్రోహము చేసిన మరునాడు ఈ మాటలు పలుకబడుటలోనే వాని బరువున్నది. దీర్ఘశాంతమను మాట తెలుగు బైబిలు అనువాదకులు మనకిచ్చిన మంచి మాటలలో నొకటి. హీబ్రూ మూలమునకు మాటకు మాటగా అర్థము చెప్పినచో పొడవైన ముక్కుపుటములు గలవాడని వచ్చును. కోపము వచ్చినవానికి ముక్కుపుటములు అదరును. ఆ వేడి పైకి వచ్చుటకు మిక్కిలి దీర్ఘకాలము పట్టువాడని దాని భావము. మనమును కోపము ముక్కుమీద నున్నదనుచుందుము గదా!

అయితే ఆ ప్రకటన యక్కడ నాగదు. అపరాధిని ఊరక విడువననియు, తండ్రుల దోషమును మూడు నాలుగు తరములవఱకు విచారింతుననియు వెంటనే చెప్పబడినది. ఇక్కడ సంస్కారులైన పాఠకులు పుస్తకము మూసివేయుదురు. మూయవద్దని మా ప్రార్థన. తాత చేసిన అప్పును మనుమడు తీర్చుట, త్రాగుబోతు కొంపలో పిల్లలు చదువు మానుట మన కన్నుల యెదుటనే జరుగుచున్నది. పాపమునకు సంసారములో సాగుదల కలదనుట అనుభవమే. కాని అది న్యాయమా యని ఆ గ్రంథములోనివారే అడిగిరి. బబులోనులో ప్రవాసముండిన యెహెజ్కేలు ప్రవక్త తన పదునెనిమిదవ అధ్యాయమున ఆ విషయమునే యెత్తికొనెను. తండ్రులు పుల్లని ద్రాక్షలు తినినందున కొడుకుల పండ్లు పులిసినవని జనులలో నొక సామెత యుండెను. ఆ సామెత ఇక చెల్లదనియు, ఎవని దోషమునకు వాడే యుత్తరవాది యనియు, దుష్టుడు మరలినయెడల బ్రదుకుననియు, దుష్టుడు చచ్చుట వలన ఈశ్వరునకు సంతోషము లేదనియు ఆయన బోధించెను. ఒక గ్రంథము తన మాటనే తాను తరువాతి కాలమున విమర్శించి శుద్ధి చేసికొనుట సంస్కర్తలమగు మనకు ఆశ్చర్యము కలిగింపరాదు. స్మృతులను గూర్చి మనము అడుగునదియు ఇదియే.

పాతనిబంధన దేవుడు క్రూరుడు, క్రొత్తనిబంధన దేవుడు దయాళువు అని ఇంగ్లీషు చదువుకొన్న మిత్రులు కొందఱు సులభముగా తేల్చివేయుదురు. ఈ తేల్చుట క్రొత్తది కాదు. రెండవ శతాబ్దమున మార్కియోను అనునాతడు న్యాయముగల దేవుడొకడు, ప్రేమగల దేవుడొకడు అని ఇద్దరు దేవుళ్లను విడదీసెను. రోమునగరపు సంఘము వానిని వెలివేసెను. ఆ వెలి మంచిపనియే యని మా యభిప్రాయము. న్యాయము లేని ప్రేమ బలహీనుని కాపాడదు. ప్రేమ లేని న్యాయము ఎవ్వరిని బ్రదుకనీయదు. రెండింటిని ఒక్క స్వభావములో ఇముడ్చుట కష్టమని విడిచిపెట్టినచో కష్టము తప్పును గాని సత్యమును తప్పిపోవును.

ఈ రెండును ఎట్లు ఇముడునో యేసు చెప్పిన యుపమానములలో ఒకటి బాగుగా చూపుచున్నది. అది మత్తయి సువార్త యిరువదవ అధ్యాయమున నున్న ద్రాక్షతోట కూలివారి కథ. దీనిని గ్రహించుటకు మన ప్రాంతమువారికి వ్యాఖ్యానము అక్కఱలేదు. హైదరాబాదు చుట్టుపట్ల ప్రతి కూడలియందును తెల్లవారకముందే అడ్డా కూడును. పాలమూరునుండియు ఇంకను దూరమునుండియు వచ్చిన తాపీపనివారును మట్టిపనివారును అన్నపుగిన్నె చేతబట్టుకొని మేస్త్రీ కొఱకు ఎదురుచూతురు. కండబలముగల యువకులు ముందుగా కుదురుదురు. ఎండ యెక్కినకొలది మిగులువారెవరు? ముసలివాడు, చంకబిడ్డతోనున్న స్త్రీ, నిన్నటి పనిలో చేయి నలిగినవాడు. యేసు చెప్పిన కథలో ఇంటి యజమానుడు తెల్లవారుజామున కొందఱిని దినమునకొక దేనారమని ఒడంబడి పనికి పెట్టెను. మరల మూడవ గంటకును, ఆఱవ గంటకును, తొమ్మిదవ గంటకును బజారునకు వచ్చి మిగిలినవారిని, న్యాయమైనది ఇత్తునని చెప్పి పంపెను. ప్రొద్దుగ్రుంకుటకు గంట యుండగా వచ్చి, ఇంకను నిలిచియున్నవారిని చూచి, ఏల ఊరక నిలిచితిరని అడిగెను. ఎవ్వరును మమ్ము పిలువలేదని వారు చెప్పిరి.

ఆ యుత్తరమున సోమరితనము లేదు. అడ్డాలో సాయంకాలమువఱకు నిలుచుటకంటె పనిచేయుటయే సులభమని అక్కడ నిలిచినవారు చెప్పుదురు. యజమానుడు వారినిగూడ పంపి, సాయంకాలమున చివర వచ్చినవారితో ఆరంభించి అందఱకును ఒక్కొక్క దేనారము ఇప్పించెను. ఉదయమునుండి యెండలో వ్రేగినవారు సణిగిరి. సణుగుటకు వారికి కారణమున్నదనియే ఏ లెక్కలవాడైనను చెప్పును. కాని దేనారమనగా ఏమి? అది ఒక కూలివాని యొక దినపు కూలి. ఆ రాత్రి వాని యింట పొయ్యి వెలుగుటకు కావలసినది. గంట పనిచేసినవానికి గంటకు తగిన కూలి యిచ్చినచో లెక్క సరిపోవును, వాని బిడ్డలు పస్తుందురు. ఆకలికి పని గంటల లెక్క తెలియదు. యజమానుడు మొదటివారి కూలిలో చిల్లిగవ్వ తగ్గింపలేదు. ఒడంబడిక చెల్లించెను, అది న్యాయము. కడవారికి తన సొమ్ములోనుండి అక్కఱకు తగినట్లు ఇచ్చెను, అది కృప. కృప న్యాయమును మీఱినది గాని న్యాయమును చెఱుపలేదు. పిమ్మట ఆయన సణుగువారిని అడిగిన ప్రశ్నలో గ్రీకు మూలమున కన్ను చెడ్డదగుట యను పలుకుబడి కలదు. తెలుగున కన్నుకుట్టుట యన్నచో అంతకంటె సరిపోవు మాట దొరకదు.

యేసు ఈ కథను పరలోకరాజ్యము ఇట్టిదని చెప్పుటకు చెప్పెను. అనగా ఈశ్వరుడు ఒకే దినమున అయిదుమారులు బజారునకు వచ్చువాడు. ఒక్కమారు వచ్చి సమర్థులను ఏరుకొని పోవువాడు కాడు. పుణ్యమును గంటల లెక్కన కొలిచి దాచుకొన్న మనబోటివారికి ఈ స్వభావము అంత రుచించునది కాదని ఒప్పుకొనవలెను. కర్మసిద్ధాంతము మనలో నెంత లోతుగా పాతుకొన్నదనగా, సంస్కారులమైన పిదపను కడజాతివాని దారిద్ర్యమును చూచి వాని పూర్వజన్మమును తలంచుకొని మనస్సు నెమ్మదిపఱచుకొను విద్వాంసులు కలరు. కూడలిలో మిగిలినవాడు ఎవ్వరును మమ్ము పిలువలేదని చెప్పినప్పుడు, అది నీ ప్రారబ్ధమని యజమానుడు చెప్పి పోలేదు.

ఇట్టి కృప విదేశీయమని తలంచువారు ముచ్చింతలకు పోయి రామానుజుల సంప్రదాయమును విచారింపవలెను. ఆచార్యులు భగవంతుని కల్యాణగుణములలో కారుణ్యమును, వాత్సల్యమును, సౌశీల్యమును విశేషముగా చెప్పిరి. సౌశీల్యమనగా మిక్కిలి గొప్పవాడు మిక్కిలి అల్పులతో భేదమెంచక కలసియుండుట. ఆయన తరువాత ఆయన శిష్యసంతతిలోనే ఈ గుణములను గూర్చి రెండు మతభేదములు కలిగినవి. ఆవు అప్పుడే పుట్టిన దూడ యొంటిమీది మలినమును నాకివేయునట్లు భగవంతుడు భక్తుని దోషమును సయితము ప్రీతితో గ్రహించునని పిళ్లై లోకాచార్యుల పక్షమువారనిరి. దోషమును చూచియు చూడనట్లుండుటయే వాత్సల్యము గాని దోషమునందు ప్రీతి యుండదని వేదాంతదేశికుల పక్షమువారనిరి. తల్లి నోట కఱచుకొని పోవు పిల్లికూనవలె జీవుడు ఊరక యుండవలెనా, తల్లిని పట్టుకొను కోతిపిల్లవలె తానును కొంత ప్రయత్నింపవలెనా యను వాదము కూడ ఇందులోనిదే. క్రైస్తవులలో అయిదవ శతాబ్దమున అగస్తీనునకును పెలాగియునకును జరిగిన వివాదము ఇంచుమించుగా ఈ ప్రశ్నమునకే సంబంధించినది. సముద్రములు అడ్డుగానున్న రెండు దేశములలో ఒకరినొకరు ఎఱుగని భక్తులు ఒకే చిక్కులో పడుట చూడగా, ఆ చిక్కు నిజముగా ఈశ్వర స్వభావములోనిదే యని తోచుచున్నది.

భేదము లేదా? కలదు. అది సిలువ. క్రైస్తవుడు ఈశ్వరుని వాత్సల్యమును గుణములలో నొకటిగా చెప్పి ఊరకుండక, రోమను అధిపతి పొంతి పిలాతు కాలమున యెరూషలేము గోడల బయట నేరస్థునిగా చంపబడిన యొక మనుష్యునియందు అది వెల్లడియైనదని చెప్పును. మన బ్రహ్మసమాజమునకును మిషనరీలకును మొదటి కలహము ఇచ్చటనే పుట్టినది. 1820వ సంవత్సరమున రాజా రామమోహనరాయలు నాలుగు సువార్తలనుండి యేసుని నీతిబోధలను ఏర్చికూర్చి, అద్భుతకార్యములను విడిచి, గ్రంథముగా ప్రకటించెను. సీరాంపురపు బాప్తిస్టు మిషనరీ జాషువా మార్ష్మను దొర దానిని ఆక్షేపించెను. సిలువ మరణమువలని ప్రాయశ్చిత్తము లేని నీతిబోధ సువార్త కాదని ఆయన వాదము. నిజమైన పశ్చాత్తాపము గలవానిని క్షమించుటకు దయామయుడైన తండ్రికి ఒకరి రక్తము అక్కఱలేదని రాయలవారి వాదము. వారు వరుసగా మూడు విజ్ఞాపనలు వ్రాసిరి. మూడవదానిని అచ్చువేయుటకు బాప్తిస్టు ముద్రాశాలవారు ఇష్టపడకపోగా, 1823లో రాయలవారు సొంత ముద్రాశాలలో దానిని అచ్చొత్తించిరి. ఈలోగా మిషనరీలలో నొకడగు విలియం ఆడం దొర రాయలవారి వాదమునకు లోబడి త్రిత్వవాదమును విడిచెను.

ఈ వాదములో రాయలవారు గెలిచినది ఒక ముఖ్యమైన చోట. కుమారుని చంపినగాని కోపము చల్లారని తండ్రి లౌకిక తండ్రులలో నీచునికంటె నీచుడు. అట్టివానిని పూజించుట మనుష్యుని చెఱుచును. కాని మార్ష్మను దొర సమర్థించిన శిక్షాసిద్ధాంతము ఒక్కటియే క్రైస్తవ బోధ యని ఆ కలహమును చదువువారు భ్రమపడరాదు. నైసీయ విశ్వాసప్రమాణము క్రీస్తు మన నిమిత్తము సిలువ వేయబడెనని చెప్పునే గాని, ఏ రీతిగా ఆ మరణము క్షమాపణకు కారణమయ్యెనో చెప్పదు. పదునొకండవ శతాబ్దపు అన్సెల్ము ఒక రీతిగాను, పండ్రెండవ శతాబ్దపు అబెలార్డు మరియొక రీతిగాను చెప్పిరి. అబెలార్డు చెప్పినది రాయలవారికి అంత దూరము కాదు: ఆ ప్రేమను చూచి మనుష్యుని హృదయము కరగుటయే దాని పని.

అయితే పశ్చాత్తాపము చాలునన్న మాటలో ఒక ప్రశ్నము విడిపోవుచున్నది. క్షమించినచో నష్టము ఎవరిది? మత్తయి పదునెనిమిదవ అధ్యాయములో ఒక రాజు సేవకునికి పదివేల తలాంతుల అప్పు విడిచిపెట్టెను. ఒక తలాంతు ఇంచుమించుగా 6000 దేనారములు. అనగా ఆ యప్పు ఒక కూలివానికి ఆఱుకోట్ల దినముల కూలి. ఆ సేవకుడు బయటికి పోయి, తనకు నూఱు దేనారములు ఋణపడియున్న తోటివాని గొంతు పట్టుకొనెను. ఊళ్లో షావుకారు బీదవాని పత్రమును చింపివేసినప్పుడు ఋణము గాలిలో కలసిపోయినదని బీదవాడు తలంపవచ్చును. షావుకారునకు తెలియును, అది తన పెట్టెలోనుండి పోయినదని. క్షమ యనునది క్షమించువాడు నష్టమును తన మీద వేసికొనుట. తండ్రి కోపమును కుమారుడు చల్లార్చుట యని గాక, తండ్రియే కుమారునియందు మనుష్యుల ద్రోహపు నష్టమును భరించుట యని సిలువను వివరించు క్రైస్తవులు పూర్వమును కలరు, నేడును కలరు. ఈ వివరణమున లంచము లేదు, బలి కోరు క్రూరుడు లేడు.

తెలుగున ఒక మాట ఈ యర్థమునకు అడ్డుపడుచున్నది. ప్రాయశ్చిత్తమనగా మన ధర్మశాస్త్రములలో పాపి తాను చేసికొనవలసిన కృచ్ఛ్రము, చాంద్రాయణము మొదలైనవి. తెలుగు బైబిలున ఆ మాటనే తీసికొనిరి. క్రైస్తవ బోధలో మాత్రము ఆ పని ఈశ్వరుని వైపునుండి జరుగును. మాట ఒక్కటే, దిక్కు తలక్రిందులు. దీనిని గమనింపనివాడు క్రైస్తవుని ప్రసంగమును వినునప్పుడు తన పాపమునకు మరియొకని చేత చాంద్రాయణము చేయించుటగా గ్రహించి నవ్వును. నవ్వవలసినదే, కాని క్రైస్తవుడు చెప్పదలచినది అది కాదు.

రాయలవారి తరువాత మన సమాజమున క్రీస్తును గూర్చి ఎక్కువ ధ్యానించినవాడు కేశవచంద్రసేనుడు. 1882లో ఆయన త్రిత్వమును గూర్చి యుపన్యసించుచు దానిని సచ్చిదానందముతో పోల్చెను. ఆ పోలికలో చమత్కారము హెచ్చు. దానివలన ఈశ్వర స్వభావము కూలివానికిగాని షావుకారునకుగాని మరింత తెలిసినదని మాకు తోచదు.

సిద్ధాంతములు ఎట్లున్నను, ఒక సంఘమువారు నమ్మిన దేవుని స్వభావము కఱవులో బయటపడును. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన కఱవులో ఒంగోలు అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి, ముఖ్యముగా మాదిగలకు, పనియు కూలియు కల్పించెను. అన్ని దినములును బాప్తిస్మము కోరివచ్చినవారికి ఆయన బాప్తిస్మమీయక నిలిపివేసెను. సహాయము ముగిసిన తరువాతనే ఇయ్య నారంభించి, 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మందికి ఇప్పించెను. ఆ సంఖ్యనే మిషనరీ పత్రికలు పొగడినవి, మనవారు నిందించిరి. మాకు మెచ్చదగినది సంఖ్య కాదు, ముందు జరిగిన నిలుపుదల. గంజికొఱకు మ్రొక్కించుకొను దేవుని ఆయన వారికి చూపదలచుకొనలేదు. కూలి కూలిగా నిచ్చెను, మతమును దానికి వెలగా కట్టలేదు.

మన పక్షమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారిని చెప్పవలెను. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో మిల్లరు దొర శిష్యులై, సికింద్రాబాదు మహబూబు కళాశాలకును పిదప కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలకును అధ్యక్షులుగానుండిన ఆ మహనీయులు బ్రహ్మసమాజమును విడిచి క్రైస్తవులు కాలేదు. ఈశ్వరుని పితృత్వమును నమ్మినవానికి అనాథబాలుడు పరాయివాడు కాజాలడని మాత్రము నడచి చూపిరి. చిలుకూరు బాలాజీ ఆలయపు అర్చకులొకరు 2018 ఏప్రిలులో జియాగూడ రంగనాథాలయమున దళిత భక్తుని భుజములమీద మోసికొని గర్భాలయముకడకు తీసికొనిపోయిరి. తిరుప్పాణాళ్వారు కథను అనుసరించి చేసిన ఆ సేవలో సౌశీల్యమను గుణము గ్రంథమునుండి దిగి నడచినది.

ఆ చిలుకూరు స్వామికే వీసా బాలాజీ యని పేరు వచ్చుట మాత్రము ఈ కాలపు లక్షణము. పదునొకండు ప్రదక్షిణములు కోరికకు, నూట యెనిమిది కోరిక తీరినపిదప. అక్కడ హుండీ లేదు, అది యా యాలయమువారి గొప్ప. కాని భక్తుని మనస్సులోని హుండీని ఎవరు తీయగలరు? క్రైస్తవులు నవ్వుటకు వీలులేదు. విదేశయాత్రకొఱకును ఉద్యోగముకొఱకును ప్రత్యేక ప్రార్థనలు ప్రకటించు బోధకులు వారిలోను బహుళము. కానుక యెంతో దీవెన యంత యని చెప్పువారును కలరు. ద్రాక్షతోట యజమానుడు వారి చేతిలో వడ్డీవ్యాపారి యైనాడు. కులమును సంఘములోనికి తెచ్చి, ఒకే బల్లయొద్ద రొట్టె తినుచు పెండ్లిసంబంధములలో మాలమాదిగల భేదము పాటించు క్రైస్తవులను గూర్చియు ఇదే చెప్పవలెను: వారు కోరినది వేఱొక దేవుని.

ఈ స్వభావము అందఱకును ఇంపుగా నుండునని వారి గ్రంథమే చెప్పదు. యోనా యను ప్రవక్తను ఈశ్వరుడు నీనెవె పట్టణమునకు పంపెను. అది అష్షూరు రాజ్యపు పట్టణము, ఆయన జాతికి పగవారిది. యోనా పోనొల్లక సముద్రముమీద పాఱిపోయెను. చివరకు పోయి ప్రకటింపగా ఆ జనులు పశ్చాత్తాపపడిరి, ఈశ్వరుడు వారిని నశింపజేయలేదు. అప్పుడు యోనాకు మిక్కిలి కోపము వచ్చినది. పాఱిపోయిన కారణమును ఆయన అప్పుడు చెప్పెను: కనికరము, దయ, దీర్ఘశాంతము గలవాడవని తెలిసియే పాఱిపోతినని. మోషేకు కొండమీద మహాప్రసాదముగా నియ్యబడిన ఆ మాటలే యోనా నోట ఫిర్యాదైనవి. తనకు క్షమ కావలెను, నీనెవెకు న్యాయము కావలెను.

ఊరి వెలుపల ఎండలో కూర్చున్న ప్రవక్తకు నీడ యిచ్చిన సొరచెట్టు మరునాడు వాడిపోయెను. దానికై ఆయన దుఃఖించెను. నీవు నాటని, నీవు పెంచని చెట్టుకొఱకు నీవింతగా బాధపడగా, కుడియెడమలు తెలియని లక్షయిరువదివేల జనులును అన్ని పశువులును ఉన్న పట్టణముకొఱకు నేను జాలిపడరాదా యని ఈశ్వరుడు అడిగెను. పశువులను గూడ లెక్కించిన ఈ మాటను చదువునప్పుడెల్ల మాకు ముచ్చట కలుగును. గ్రంథము ఆ ప్రశ్నముతో ముగియుచున్నది. యోనా యేమి చెప్పెనో వ్రాయబడలేదు.